ప్లే స్కూళ్లలో ఊబకాయ నివారణ కార్యక్రమం: పనిచేసిందో లేదో తేల్చడానికి బీఎంఐ కొలిస్తే చాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా: హైదరాబాద్‌లో 24 ప్లే స్కూళ్లు, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు, జూన్ నుంచి మార్చి దాకా కార్యక్రమం. టీచర్లకు శిక్షణ, లంచ్ బాక్సుల గురించి తల్లిదండ్రులకు సూచనలు, రోజూ కదిలే ఆటలు. నిధులిస్తున్న సంస్థేమో "ఊబకాయం ఎంత శాతం తగ్గిందో చూపించండి" అంటోంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) తీసి పోల్చి చూపిస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. ఆ రెండు కొలతలతో వచ్చే జవాబు మీకు అనుకూలంగా ఉన్నా, వ్యతిరేకంగా ఉన్నా నమ్మడానికి లేదు. ఒక్క ఏడాదిలో, 24 కేంద్రాలతో మీరు ప్రధాన ఫలితంగా పెట్టుకోవాల్సింది పిల్లల బరువు కాదు, కేంద్రంలో రోజు గడిచే తీరు. పిల్లల ముందుకు ఏం తిండి వస్తోంది, అందులో ఎంత తింటున్నారు, ఎన్ని నిమిషాలు కదులుతున్నారు, ఎన్ని నిమిషాలు స్క్రీన్ ముందు కూర్చుంటున్నారు, తినేటప్పుడు టీచరూ ఆయమ్మా ఏం చేస్తున్నారు. ఇవి మారితే కార్యక్రమం పనిచేస్తోందని చెప్పొచ్చు. ఇవి మారకుండా బీఎంఐ మాత్రం తగ్గినట్టు కనిపిస్తే అది మీ గొప్ప కాదు. బీఎంఐ కొలవండి, కానీ రెండో వరుసలో ఉంచండి. పోలికకు ఇంకో గుంపు తప్పనిసరి: చిట్టీలు తీసి 12 కేంద్రాల్లో ఈ ఏడాది, మిగతా 12 కేంద్రాల్లో వచ్చే ఏడాది మొదలుపెట్టండి. ఎవరినీ వదిలేసినట్టు ఉండదు కాబట్టి యాజమాన్యాలు సాధారణంగా ఒప్పుకుంటాయి.

ఇక కారణాలు.

ఈ వయసులో బీఎంఐ దానంతటదే తగ్గుతుంది. ఏడాది వయసు తర్వాత నుంచి సుమారు ఐదారేళ్ల దాకా బీఎంఐ దిగుతూ వచ్చి, ఆ తర్వాత మళ్లీ పెరగడం మొదలవుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణాల్లో మగపిల్లల మధ్యస్థ విలువ రెండేళ్లకు 16.0, మూడేళ్లకు 15.6, నాలుగేళ్లకు 15.3, ఐదేళ్లకు 15.2. అంటే మీరు ఏమీ చేయకపోయినా మార్చిలో సగటు బీఎంఐ జూన్ కంటే కాస్త తక్కువే కనిపిస్తుంది. "మా కార్యక్రమం వల్ల బీఎంఐ తగ్గింది" అని పోలిక గుంపు లేకుండా వచ్చే నివేదికల్లో చాలావాటిలో ఉండేది ఈ సహజమైన దిగుడే. బొద్దుగా ఉన్న పిల్లల్ని మాత్రమే ఏరి మళ్లీ కొలిస్తే ఇంకో మాయ తోడవుతుంది: మొదటిసారి బాగా ఎక్కువ వచ్చిన కొలత రెండోసారి సగటు వైపు జరుగుతుంది. అందుకే పచ్చి బీఎంఐ కాకుండా వయసు, లింగం లెక్కలోకి తీసుకునే జెడ్ స్కోర్ (అదే వయసు, అదే లింగం పిల్లల మధ్యస్థ విలువకు ఈ బిడ్డ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) వాడాలి. అది వాడినా పోలిక గుంపు ఉండాల్సిందే.

ఆశించగలిగే మార్పు చాలా చిన్నది. 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో (ఒక అంశంపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే సమీక్ష ఇది) 0–5 ఏళ్ల పిల్లల్లో ఆహారం, కదలిక రెండూ కలిపి చేసిన కార్యక్రమాల సగటు ప్రభావం బీఎంఐ జెడ్ స్కోర్‌లో 0.11 తగ్గుదల. బీఎంఐగా చూస్తే 0.07. ఆహారం ఒక్కటే, లేదా వ్యాయామం ఒక్కటే చేసిన చోట స్పష్టమైన ప్రభావం కనపడలేదు. ఇప్పుడు మీ 24 కేంద్రాలతో ఎంత చిన్న తేడా పట్టుకోగలరో చూద్దాం.

ఒక్కో కేంద్రంలో చివరి దాకా నిలిచే పిల్లలు 20 మంది అనుకుంటే ఒక్కో వైపు 240 మంది. కానీ ఒకే కేంద్రం పిల్లలు ఒకరికొకరు కొంత పోలి ఉంటారు, కాబట్టి 240 మంది ఇచ్చే సమాచారం 240 మందికి సరిపడా ఉండదు. ఈ పోలికను ఐసీసీ అంటారు. దాన్ని 0.02 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల పిల్లల సంఖ్యను ఎంతతో భాగించాలో చెప్పే అంకె) 1 + (20 − 1) × 0.02 = 1.38. 240ని 1.38తో భాగిస్తే సుమారు 174. జెడ్ స్కోర్ ఎస్‌డీ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1, పవర్ (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) 80 శాతం అనుకుంటే ఒక్కో వైపు కావాల్సిన సంఖ్య దాదాపు 15.7 ÷ (తేడా)². తిరగేస్తే, 174 మందితో పట్టుకోగలిగే అతి చిన్న తేడా 0.30. బేస్‌లైన్ (మొదటి కొలత) విలువను సరిచేసి విశ్లేషిస్తే ఇది బాగా మెరుగవుతుంది: రెండు కొలతల మధ్య సహసంబంధం 0.8 ఉంటే సుమారు 0.18కి దిగుతుంది. అయినా ప్రపంచమంతటా వచ్చిన సగటు 0.11 దాని కంటే చిన్నదే. 0.11ని పట్టుకోవాలంటే, ఈ సర్దుబాటు చేసినా ఒక్కో వైపు 30కి పైగా కేంద్రాలు కావాలి. సర్దుబాటు లేకుంటే 90.

"శాతం" అడిగితే పరిస్థితి ఇంకా కష్టం. మీ పిల్లల్లో 10 శాతం మంది అధిక బరువుతో ఉన్నారనుకోండి. అది 7 శాతానికి దిగిందని నిరూపించాలంటే, కేంద్రాల లెక్క కలపకముందే ఒక్కో వైపు సుమారు 1,350 మంది కావాలి. దేశం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్ఎఫ్‌హెచ్ఎస్–4లో 2.1 శాతం, ఎన్ఎఫ్‌హెచ్ఎస్–5లో 3.4 శాతం. నగరంలో ఫీజులు కట్టే ప్లే స్కూళ్లలో ఎక్కువే ఉండొచ్చు, కానీ మీ దగ్గర ఎంతో బేస్‌లైన్ తీస్తేగానీ తెలియదు. ఒప్పందంలో ముందే ఒక శాతం రాసి సంతకం చేయకండి.

పేరున్న అధ్యయనాలు రెండు చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. గ్లాస్గోలో 36 నర్సరీలు, 545 మంది పిల్లలతో జరిగిన ట్రయల్ (2006): వారానికి మూడుసార్లు అరగంట చొప్పున 24 వారాలు ఆటలు, ఇంటికి సమాచారం. బీఎంఐలో తేడా రాలేదు. పిల్లల కదలిక నైపుణ్యాలు మాత్రం మెరుగయ్యాయి. రెండోది షికాగోలోని హిప్‌హాప్ టు హెల్త్ జూనియర్. 2005లో వచ్చిన ఫలితాల్లో 12 హెడ్ స్టార్ట్ కేంద్రాల్లో (పేద కుటుంబాల పిల్లలకు అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచే ప్రీస్కూళ్లు) ఏడాది తర్వాత బీఎంఐ పెరుగుదల కార్యక్రమం ఉన్నచోట 0.06, లేనిచోట 0.59. రెండేళ్లకు 0.54, 1.08. చాలా మంచి ఫలితం. అదే కార్యక్రమాన్ని లాటినో పిల్లలున్న కేంద్రాల్లో చేస్తే తేడా కనపడలేదు. ఆ తర్వాత పరిశోధక బృందం మనుషులకు బదులు కేంద్రంలోని మామూలు టీచర్లే నడిపినప్పుడు పిల్లల చురుకైన కదలిక పెరిగింది గానీ బీఎంఐ మారలేదు. మీ కార్యక్రమం నడిపేది కూడా మామూలు టీచర్లే కదా. ఫండర్ ముందు పెట్టాల్సిన ఉదాహరణ ఇదే.

సరే, మరి ఏం కొలవాలి?

కేంద్రాన్ని ఒక రోజంతా చూడటం. ఉదయం మొదటి బిడ్డ వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఒక మనిషి కూర్చుని చెక్‌లిస్టు నింపడం. దీనికి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఈపీఏఓ అనే పరిశీలన పత్రం ఉంది. యథాతథంగా వాడితే మన దగ్గర సగం అంశాలు అతకవు (పాలలో కొవ్వు శాతాలు, జ్యూస్ ఔన్సులు వగైరా). దాని చట్రం తీసుకుని అంశాలు మార్చుకోండి. మన ప్లే స్కూలు పత్రంలో తప్పక ఉండాల్సినవి: బయట ఆడిన నిమిషాలు, లోపల కదిలే ఆట నిమిషాలు, ఒకే చోట కదలకుండా కూర్చోబెట్టిన అతి ఎక్కువ వ్యవధి, టీవీలోనో ఫోన్‌లోనో రైమ్స్ పెట్టిన నిమిషాలు, తాగునీళ్లు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా, పుట్టినరోజు కేకు, చాక్లెట్లు పంచారా, పాలల్లో బూస్ట్, హార్లిక్స్ లాంటివి కలిపారా, చెప్పిన మాట వింటే చాక్లెట్ ఇస్తామన్నారా, "ఇంకో ముద్ద, ఇంకో ముద్ద" అని కడుపు నిండినా కుక్కారా. ఈ చివరిది లెక్కపెట్టదగ్గది. భోజనం అరగంటలో ఎన్నిసార్లు బలవంతం జరిగిందో గీతలు గీసుకుంటూ పోతే రెండు కేంద్రాల మధ్య తేడా ఇట్టే కనిపిస్తుంది.

పోల్చుకోవడానికి డబ్ల్యూహెచ్‌ఓ 2019 మార్గదర్శకాలు ఉన్నాయి: 3–4 ఏళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేంత చురుగ్గా, స్క్రీన్ గంటకు మించకుండా, కుర్చీకో స్ట్రోలర్‌కో కట్టిపడేసినట్టు ఒకేసారి గంటకు మించి ఉంచకుండా, నిద్ర 10–13 గంటలు. ఇది రోజు మొత్తానికి. మీ కేంద్రం నాలుగు గంటలే నడిస్తే 180 నిమిషాలూ అక్కడే రావాలని పట్టుబట్టకండి.

ప్రిన్సిపాల్‌తో నింపించే స్వీయ మదింపు ఫారాలను ఫలితంగా లెక్కించవద్దు. నాప్‌సాక్ లాంటివి అసలు తయారైందే కేంద్రం తన లోపాలు తనే చూసుకుని దిద్దుకోవడానికి. ఆ పనికి అవి బాగుంటాయి. మీ శిక్షణ అయ్యాక "సరైన జవాబు" ఏదో అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి మార్కులు పెరుగుతాయి. ఒక్కోసారి తిరగబడి తగ్గుతాయి కూడా: జూన్‌లో "మా దగ్గర అంతా బాగానే ఉంది" అన్న ప్రిన్సిపాలే, బాగుండటం అంటే ఏమిటో తెలిశాక మార్చిలో తక్కువ వేసుకుంటారు. రెండూ మీ కార్యక్రమం గురించి ఏమీ చెప్పవు.

పరిశీలన రోజుల ఎంపికలో చాలామంది తప్పటడుగు వేస్తారు. ముందే చెప్పి వెళ్తే ఆ రోజు అన్ని బాక్సుల్లో పండ్లుంటాయి, ఎందుకంటే తల్లుల వాట్సాప్ గ్రూపులో ముందు రాత్రే మెసేజ్ వెళ్తుంది. "ఈ రెండు వారాల్లో ఏదో ఒక రోజు వస్తాం" అని మాత్రమే చెప్పి, ఒక్కో కేంద్రానికి కనీసం రెండు రోజులు వెళ్లండి. పండగ ముందురోజు, యాన్యువల్ డే రిహార్సల్స్ వారం, ఫ్యాన్సీ డ్రెస్ రోజు వద్దు. రెండు గుంపుల్నీ ఒకే పక్షంలో పూర్తిచేయాలి. ఒక గుంపును జూలై వానల్లో, రెండోదాన్ని ఆగస్టు చివర్లో చూస్తే బయటి ఆటలో వచ్చే తేడా వర్షానిదే. ఎండ్‌లైన్ (చివరి విడత కొలతలు) ఫిబ్రవరిలో ముగించండి. మార్చి చివరికి ఒంటిపూట బడులు, ఎండలు మొదలై బయటి ఆట ఎలాగూ పడిపోతుంది.

చూసేవాళ్లకు ఏ కేంద్రం ఏ గుంపో తెలియకూడదు. ఇది ఆచరణలో పూర్తిగా కుదరదు, గోడ మీద మీ కార్యక్రమం పోస్టరు కనిపిస్తే అర్థమైపోతుంది. కనీసం శిక్షణ ఇచ్చిన టీమ్‌నే పరిశీలనకు పంపకండి. ఫీల్డ్‌లోకి దిగేముందు ఇద్దరు పరిశీలకులు ఒకే గదిలో ఒకరిది ఒకరు చూడకుండా నింపాలి. 80 శాతం పైగా అంశాల్లో ఒకే కోడ్ పడేదాకా సాధన చేయించాలి.

లంచ్ బాక్సు. "మీ బాబు నిన్న ఏం తిన్నాడు?" అని తల్లిని అడిగితే కేంద్రంలో తిన్నది ఆమె చూడలేదు. టీచర్‌ను అడిగితే పాతిక మందిలో గుర్తుండదు. బాక్సును ఫొటో తీయడమే మేలు. మూత తీసి, కింద గళ్లు గీసిన షీటు పరిచి, పక్కన కొలతకు ఒక కార్డు పెట్టి, సుమారు 45 డిగ్రీల కోణంలో తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి. మూత మీద బిడ్డ పేరు కాదు, కోడ్ స్టిక్కరు. కింద ఒలికింది, పక్కవాడికి పెట్టింది ఫొటోలో కనపడదు కాబట్టి ఆ టేబుల్ దగ్గర ఒక మనిషి ఉండాలి. ఒక్కరు ముగ్గురు పిల్లలకు మించి సరిగా చూడలేరు. ప్రతి పది బాక్సుల్లో ఒకదాన్ని ఒక గ్రాము దాకా చూపే కిచెన్ స్కేలు మీద తూచి, ఫొటో అంచనాతో సరిచూడండి. పులిహోర, లెమన్ రైస్ లాంటి వాటిలో నూనె ఎంతో ఫొటో చెప్పదు. అందుకని కేలరీల లెక్కకు పోకండి. కూరగాయో పండో ఉందా, పప్పు, గుడ్డు, పెరుగు లాంటిది ఉందా, ప్యాకెట్ తిండి (చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, నూడుల్స్) ఉందా, తీపి పానీయం ఉందా, ఇచ్చినదాంట్లో పావు, సగం, ముప్పావు, మొత్తం ఎంత తిన్నారు. ఇంత చాలు. కేంద్రమే వండి పెట్టేచోట మాత్రం వంటగదిలో నూనె, చక్కెర వారానికి ఎంత ఖర్చయిందో, ఎంతమంది తిన్నారో రాసుకుంటే తలసరి లెక్క తేలిగ్గా వస్తుంది. ఫొటోల కంటే నమ్మదగ్గ సంఖ్య అది.

కదలిక. డబ్బుంటే నడుముకు కట్టే యాక్సిలరోమీటర్లు (కదలికను నమోదు చేసే చిన్న పరికరాలు). అయితే రెండు విషయాలు ముందే రాసిపెట్టుకోండి. ఒకటి, ఈ వయసు పిల్లల కదలిక కొద్ది సెకన్ల ముక్కల్లో ఉంటుంది, కాబట్టి నిమిషానికి ఒకసారి కాకుండా 15 సెకన్లు లేదా ఇంకా తక్కువ విరామంతో నమోదు చేయాలి. రెండు, ఏ కట్ పాయింట్ (ఎంత కదిలితే చురుకైన కదలికగా లెక్కించాలో చెప్పే గీత) వాడతారో. యాక్టీగ్రాఫ్ అనే పరికరంలో పేట్ అనే పరిశోధకుడి బృందం (2006) ప్రకారం చురుకైన కదలిక 15 సెకన్లకు 420 కౌంట్ల (పరికరం లెక్కించే కదలిక అంకెలు) నుంచి మొదలవుతుంది. ఎవెన్‌సన్ (2008) ప్రకారం 574 నుంచి. అదే బిడ్డ, అదే రోజు, నిమిషాలు మాత్రం వేరే వస్తాయి. డేటా చూశాక కట్ పాయింట్ ఎంచుకుంటే అది మోసం కిందే లెక్క.

డబ్బు లేకపోతే కంటితో చూసి కోడ్ చేసే పద్ధతి: ఒసార్క్–పీ. 5 సెకన్లు ఒక బిడ్డను చూడాలి, 25 సెకన్లలో రాయాలి. అరగంటకు 60 నమోదులు. కదలిక స్థాయితో పాటు బిడ్డ ఎక్కడుంది, పక్కన ఏ ఆటవస్తువుంది, టీచర్ ఆడిస్తోందా లేక ఫోన్ చూసుకుంటోందా కూడా పడుతుంది. నన్నడిగితే ప్లే స్కూళ్లకు ఇదే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే కదలిక తక్కువైతే దేనివల్లో కూడా దీంట్లోనే తెలుస్తుంది.

ఈ కేంద్ర స్థాయి ఫలితాల్లో ఐసీసీ చాలా ఎక్కువ ఉంటుంది, అందరూ ఒకే మెనూ తిని ఒకే టైంటేబుల్ ప్రకారం ఆడతారు కాబట్టి. అది 0.20 ఉందనుకుంటే 12 మందిని చూసినచోట డిజైన్ ఎఫెక్ట్ 3.2. దీన్నిబట్టి చేయాల్సింది ఒకటే: కేంద్రాలు ఎక్కువ, కేంద్రానికి పిల్లలు తక్కువ. పాతిక మందిని చూసే బదులు 8–10 మందిని చిట్టీ తీసి చూడండి, మిగిలిన సమయంలో రెండో రోజు వెళ్లండి. 24 కేంద్రాలతో కేంద్ర స్థాయి స్కోర్‌లో ఒక ఎస్‌డీకి కాస్త పైన ఉన్న తేడాను పట్టుకోవచ్చు. పెద్ద తేడానే, కానీ రోజువారీ పద్ధతుల్ని నిజంగా మార్చిన కార్యక్రమానికి అది అసాధ్యం కాదు.

ఇప్పుడు బరువు, ఎత్తుల సంగతి. రెండో వరుసలో పెట్టమన్నాను గానీ, కొలిస్తే సరిగా కొలవాలి.

100 సెం.మీ. ఎత్తు, 16 కిలోల బిడ్డ బీఎంఐ 16.0. ఎత్తును ఒక్క సెంటీమీటరు తక్కువ, 99 అని రాస్తే 16.3 అవుతుంది. జెడ్ స్కోర్‌లో 0.25 దాకా తేడా, అంటే మొత్తం కార్యక్రమం నుంచి ఆశించే 0.11కి రెట్టింపు. ఆ సెంటీమీటరు పోయే చోట్లు ఇవి: గోడ అడుగున టైల్స్ పట్టీ ఉంటే మడమలు గోడకు ఆనవు, బిడ్డ ముందుకు వాలుతుంది. నడినెత్తిన పిలకో, క్లిప్పో ఉంటే పలక తలకు తాకదు. తల పైకెత్తి మిమ్మల్ని చూస్తుంటే కొలత మారుతుంది. కంటిగుంట కింది అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీతలో ఉండాలి. ఒకరు పాదాలు, మోకాళ్లు చూడాలి, ఇంకొకరు తల చూసి చదవాలి. ఒక్కరే చేస్తే కుదరదు. 0.1 సెం.మీ. దాకా చదివి, బిడ్డను దించి మళ్లీ నిలబెట్టి రెండోసారి. తేడా 0.5 సెం.మీ. దాటితే మూడోసారి.

బరువు యంత్రాన్ని గట్టి నేల మీద పెట్టండి. ప్లే స్కూలు గదుల్లో పరిచే ఫోమ్ మ్యాట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది. రోజూ ఉదయం తెలిసిన బరువుతో (5 లేదా 10 కిలోల తూకంరాయి) సరిచూసి పుస్తకంలో రాయండి. బూట్లు, బెల్టు, ఐడీ కార్డు, స్వెటర్ తీయించాలి. ఫిబ్రవరి ఉదయాల్లో స్వెటర్‌తో, జూన్‌లో లేకుండా తూచిన డేటా పనికిరాదు. ఎత్తు మీటరు దగ్గర ఉన్న బిడ్డకు ప్రతి 100 గ్రాములూ బీఎంఐలో 0.1 అని గుర్తుంచుకుంటే టీమ్ అంతా జాగ్రత్త పడుతుంది. తినకముందు, అన్ని కేంద్రాల్లో ఒకే సమయానికి. కొలిచేవాళ్లకు ముందు పరీక్ష పెట్టండి: 20 మంది పిల్లల్ని ఒక్కొక్కరు రెండుసార్లు కొలిచి, తేడాల వర్గాల మొత్తాన్ని 2nతో (ఇక్కడ 40తో) భాగించి వర్గమూలం తీస్తే కొలత దోషం వస్తుంది. ఎత్తుకు అది 0.5 సెం.మీ. లోపు లేకపోతే ఇంకో రోజు సాధన. డేటా వచ్చాక చివరి అంకెలు చూడండి. ఎత్తుల్లో .0, .5 మాత్రమే కుప్పగా ఉంటే ఎవరో అంచనాగా రాస్తున్నారు.

ఐదేళ్ల గీత దగ్గర జాగ్రత్త. చాలా నివేదికలు పాడయ్యేది ఇక్కడే. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 60 నెలల దాకా అధిక బరువు అంటే జెడ్ స్కోర్ +2 పైన, ఊబకాయం +3 పైన. 61 నెలల నుంచి డబ్ల్యూహెచ్‌ఓదే 2007 రిఫరెన్స్ (పెద్ద పిల్లల ప్రమాణం) వర్తిస్తుంది, అక్కడ అధిక బరువు +1 పైన, ఊబకాయం +2 పైన. జూన్‌లో 56 నెలల బిడ్డ జెడ్ స్కోర్ +1.4 అయితే అధిక బరువు కాదు. ఫిబ్రవరికి 64 నెలలు నిండి అదే +1.4 ఉంటే అధిక బరువు. బిడ్డ ఏమీ మారలేదు, గీత మారింది. మీ గుంపులో యూకేజీ పిల్లలుంటే ఎండ్‌లైన్‌లో ఊబకాయం అమాంతం "పెరిగిపోతుంది". అందుకే శాతాలు కాకుండా సగటు జెడ్ స్కోర్ తేడానే ముందు చెప్పండి. ఐదేళ్లు దాటినవాళ్లకు ఐఏపీ (భారత శిశువైద్యుల సంఘం) 2015 చార్టులు వాడేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఒకటే పట్టుకోండి, మధ్యలో మార్చొద్దు. పుట్టిన తేదీ జనన ధ్రువపత్రం నుంచే తీసుకోండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో తేదీలు స్కూలు వయసుకు తగ్గట్టు జరిగిపోయి ఉంటాయి.

బీఎంఐకి ఇంకో పరిమితి కూడా ఉంది. పుణెలో జరిగిన పరిశోధనలు చూపినట్టు, మన పిల్లల్లో పుట్టుకతోనే కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ. "నార్మల్" బీఎంఐ అంటే కొవ్వు నార్మల్ అని కాదు. ఆటలు బాగా పెరిగిన కేంద్రంలో కండ పెరిగి బీఎంఐ దిగకపోవచ్చు కూడా.

అమలు ఎంత జరిగిందో విడిగా రాయండి. ఫలితం రాకపోతే కార్యక్రమం పనికిరానిదా, అసలు జరగనేలేదా అన్నది దీంతోనే తేలుతుంది. శిక్షణకు వచ్చిన టీచర్లు ఎందరు, వాళ్లలో మార్చి దాకా ఉన్నది ఎందరు (ప్లే స్కూళ్లలో టీచర్లు తరచుగా మారతారు, నడి ఏడాదిలో వచ్చిన కొత్త టీచర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చారా?), వారానికి అనుకున్న ఐదు ఆటల పీరియడ్లలో ఎన్ని జరిగాయి, తల్లిదండ్రుల మీటింగుకు ఎవరొచ్చారు. టీచర్ రాసే లాగ్ పుస్తకంలో అన్ని గళ్లకూ ఒకే పెన్నుతో, ఒకే తీరులో టిక్కులుంటే అది ఒకే రోజు కూర్చుని నింపింది. నెలకోసారి చెప్పకుండా వెళ్లి, ఆ రోజు జరిగినదాన్ని లాగ్‌తో పోల్చండి. శిక్షణకు ఆయమ్మల్ని పిలవకపోవడం ఇంకో మామూలు పొరపాటు. తినిపించేది వాళ్లు.

ఒకే యాజమాన్యం కింద బ్రాంచీలుంటే ఒకదానికి కార్యక్రమం ఇచ్చి ఇంకోదాన్ని పోలికకు పెట్టకండి. మెనూ, సర్క్యులర్, వాట్సాప్ గ్రూపు అన్నీ ఒకటే. బ్రాంచీలన్నీ కలిపి ఒక యూనిట్‌గా చిట్టీ తీయండి. అప్పుడు యూనిట్ల సంఖ్య 24 కంటే తగ్గుతుంది, పైన వేసిన లెక్క మళ్లీ వేసుకోవాలి.

విశ్లేషణ గురించి రెండే మాటలు. పిల్లల్ని విడివిడిగా లెక్కించి టీ–టెస్ట్ (రెండు గుంపుల సగటుల్ని పోల్చే పరీక్ష) చేయొద్దు. కేంద్రాన్ని రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టి, బేస్‌లైన్ విలువను సరిచేసే మిక్స్‌డ్ మోడల్ (ఒకే కేంద్రం పిల్లలు పోలి ఉంటారన్నది లెక్కలోకి తీసుకునే పద్ధతి) వాడండి. యూనిట్లు 40 కంటే తక్కువ కాబట్టి కెన్‌వార్డ్–రోజర్ లాంటి చిన్న శాంపిల్ సవరణ అవసరం. ఉచితంగా దొరికే 'ఆర్' సాఫ్ట్‌వేర్‌తో ఇదంతా అవుతుంది. మధ్యలో మానేసిన కేంద్రాన్ని కూడా మొదట పడిన గుంపులోనే ఉంచి లెక్కించాలి, లేదంటే బాగా చేసినవాళ్లే మిగులుతారు.

హాని కూడా కొలవాలి. ఎన్ఎఫ్‌హెచ్ఎస్–5 ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు, 19.3 శాతం ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు. "తక్కువ తినండి" అని అర్థమయ్యే ఏ సందేశమైనా ఇక్కడ ప్రమాదమే. రెండు గుంపుల్లోనూ జెడ్ స్కోర్ −2 కంటే తక్కువున్న పిల్లల సంఖ్యను ఊబకాయం పక్కనే పట్టికలో చూపించండి. అలాంటి బిడ్డ కనిపిస్తే ఎవరికి చెప్పాలో, ఎక్కడికి పంపాలో కొలతలు మొదలవకముందే రాసి ఉండాలి. పిల్లల ముందు అంకెలు పైకి చదవొద్దు. నాలుగేళ్ల పిల్లలకు కూడా ఎవర్ని "లడ్డూ" అంటున్నారో తెలుసు. ఇంటికి "ఊబకాయం" అని రాసిన కార్డు పంపకండి, తల్లిదండ్రులు కోరితే విడిగా పిలిచి చెప్పండి.

ఇదే పద్ధతిని అంగన్‌వాడీలకు తీసుకెళ్లాలనుకుంటే ప్రశ్నే మారుతుంది. అక్కడ భోజనం ప్రభుత్వం ఇచ్చేది, అధిక బరువు పిల్లలు తక్కువ, బక్కపలచని పిల్లలు ఎక్కువ. పొట్టిగా ఉన్న బిడ్డకు బీఎంఐ ఒక్కోసారి ఎక్కువ కనిపిస్తుంది, కాబట్టి వయసుకు తగ్గ ఎత్తు చూడకుండా బీఎంఐ చదవకూడదు. పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీల కోసం ఉన్న ప్రభుత్వ యాప్) ఉన్న బరువుల్ని పరిశోధన కొలతలుగా వాడుకోవాలన్న ఆశ పెట్టుకోకండి. అవి సేవలందించడానికి తీసేవి, పైన చెప్పిన కట్టుదిట్టం వాటికి ఉండదు.

అనుమతులు: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఆమోదం, తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి. ఏడేళ్లలోపు కాబట్టి పిల్లల నుంచి లాంఛనంగా అంగీకారం తీసుకోనక్కర్లేదు, కానీ ఏడ్చే బిడ్డను యంత్రం మీద నిలబెట్టొద్దు. చిట్టీ తీసి గుంపులు చేస్తున్నారు కాబట్టి మొదటి బిడ్డను చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయళ్ల రిజిస్ట్రీ) నమోదు చేయండి. ప్రధాన ఫలితం ఏమిటో అక్కడ రాసిపెడితే, తర్వాత ఫండర్ "ఊబకాయం శాతం ముందు పెట్టండి" అన్నా మీ చేతిలో కాగితం ఉంటుంది.

ఫండర్‌కు పంపే లక్ష్యాన్ని ఇలా రాయొచ్చు: "ఫిబ్రవరి నాటికి, పోలిక కేంద్రాలతో చూస్తే, కార్యక్రమం ఉన్న కేంద్రాల్లో పరిశీలన స్కోరు, రోజుకు బయటి ఆట నిమిషాలు, కూరగాయో పండో ఉన్న బాక్సుల శాతం పెరగడం, బీఎంఐ జెడ్ స్కోర్ తేడాను విశ్వాస అంతరంతో సహా నివేదించడం, తక్కువ బరువు పిల్లల సంఖ్య పెరగకపోవడం." బడ్జెట్‌లో మరుసటి ఏడాది ఆగస్టుకు ఇంకో విడత పరిశీలన ఇప్పుడే పెట్టించండి, కేంద్రానికి ఒక్కరోజు చాలు. వేసవి సెలవుల తర్వాత, సగం మంది టీచర్లు మారాక ఏం మిగిలిందో అప్పుడే తెలుస్తుంది. ప్రాజెక్టు ముగిశాక ఆ డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వరు.